గద్వాల వన్స్‌మోర్

మా ఊరికి గుర్తింపు వచ్చిందా అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఎక్కువగా అడిగేది వనపర్తి వాళ్లు. నేను పుట్టింది వనపర్తిలో, కోడలిగా వచ్చింది గద్వాలకు కాబట్టి ఆ ప్రశ్న పెళ్లి పందిట్లో ఉన్నా, పురుడు చూడబోయిన ఇంట్లో ఉన్నా వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తుంది. "ఏం చెల్లే, మీ గద్వాలను ఢిల్లోళ్లు ఎత్తుకోని నెత్తిన పెట్టుకున్నరా?" అని మా అన్నయ్య ఫోన్లో అడిగినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకంటే ఆ గుర్తింపు రాకపోవడంలో ఆయన గొంతు కూడా ఉంది.

రాలేదు. "పరిశీలనలో ఉన్నది" అన్న ఒక్క మాట తప్ప ఏమీ రాలేదు. ఎందుకు రాలేదో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. రాజకీయం అంటారు, కోట గోడలు పడిపోవడం అంటారు, పక్క జిల్లా వాళ్లు అడ్డుపుల్ల వేశారంటారు. అదంతా ఉత్త మాట. ఆ రోజు నేను కొంగులో మట్టిపెడ్డ పట్టుకుని తెర పక్కన నిలబడి ఉన్నాను. ఏం జరిగిందో నా కళ్లతో చూశాను.

విషయం తెలియని వారికి మొదటి నుంచీ చెబుతాను. పాత చరిత్ర ఉన్న చిన్న పట్టణాల్లో, సంస్కృతి ఇంకా బతికి ఉన్నవాటికి జాతీయ గుర్తింపు ఇస్తారని ఒక వార్త మా ఊళ్లోకి వచ్చింది. వార్త వచ్చిన మర్నాటికే ఒక కమిటీ పుట్టింది. కరెంటాఫీసులో పనిచేసి రిటైరై, ఏం చేయాలో తోచక మిద్దె మీద కుండీలను రోజూ అటూ ఇటూ జరుపుతున్న మా ఆయన దానికి కార్యదర్శి అయ్యారు. సమావేశాలన్నీ మా ముందు గదిలోనే. ప్రతి సమావేశమూ "విద్వద్గద్వాల అని ఊర్కెనే అన్నరా?" అన్న మాటతో మొదలయ్యేది. సంస్థానం రోజుల్లో ఎక్కడెక్కడి కవులో, పండితులో మా ఊరికి వచ్చి సన్మానాలు పొంది వెళ్లారు, నిజమే. వాళ్లకు రాజుగారు ఏం పెట్టారో నాకు తెలియదు. వాళ్ల పేరు చెప్పుకునే వాళ్లకు మాత్రం టీలు నేను పెట్టాను.

గుర్తింపు తేల్చడానికి ఊరు చూడవచ్చే ఢిల్లీ వాళ్లకు ఏం చూపించాలన్నది పెద్ద చర్చ. చీరలు చూపిద్దాం అంటే, చీరలు వాళ్లకు తెలియనివి కావు. కోట చూపిద్దాం అంటే, కోటలో డిగ్రీ కాలేజీ పిల్లలు బైకులు పెట్టుకుని ఉంటారు. నేను ఊరుకోలేక, వనపర్తిలో కూడా రాజుగారి బంగళాలో పాలిటెక్నిక్ నడుస్తోంది, అదేం తప్పు కాదన్నాను. వనపర్తి పేరు ఎత్తగానే గదిలో అందరి ముఖాలూ మాడిపోయాయి. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఒకప్పుడు మూడూ సంస్థానాలే. రాజులు పోయారు కానీ పోటీ పోలేదు. కొల్లాపూర్ వాళ్లు మామిడిపండ్ల పేరు చెప్పి గెలుస్తామనుకుంటారు, వనపర్తి వాళ్లు చదువుల పేరు చెబుతారు. మా వాళ్లు పాడిందే పాడి గెలుద్దామనుకుంటారు. ఈ చివరి మాట ఎందుకన్నానో ముందు ముందు తెలుస్తుంది.

చివరికి, బతికున్న కళ అంటే పద్య నాటకమే అని తీర్మానించారు. ఆ తీర్మానం వినగానే ఇక అయిపోయింది అనుకున్నాను. మా నాటక సమాజంలో రాజు వేషం మా బావది. బావ అంటే మా ఆయనకు అన్న. గట్టు మండలంలో మెట్ట సేద్యం చేసుకుంటూ, విత్తనాల మధ్య, కోతల మధ్య దొరికిన రోజుల్లో నాటకాలాడే మనిషి. గొంతు విప్పితే మైకు దండగ అంటారు జనం. ఆ మాట అబద్ధమని నేను అనను. కానీ ఆ గొంతు విప్పడమే తెలుసు ఆయనకు, కట్టడం తెలియదు.

నాటకం కూడా మా వైపుదే. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, ఊళ్లలో నోటి నుంచి నోటికి వచ్చింది. కథ చిన్నది. వానలు లేని ఏడు ఒక రాజు కొలువు తీరి పొగడ్తలు వింటూ ఉంటాడు. తన గొప్ప తానే ఒక పద్యంలో చెప్పుకుంటాడు. మంత్రీ, కవులూ తలలూపుతారు. ఆఖరున ఒక రైతు ఇల్లాలు తన చేలోని ఎండిన మట్టిపెడ్డ కొంగులో పెట్టుకుని కొలువులోకి వచ్చి ఒక సీసపద్యం పాడుతుంది. రాజా, ఇంతసేపు నీ చెవులకు నీ పేరే వినిపించింది, ఇప్పుడు ఈ పెడ్డ పగిలే చప్పుడు వినమని ఆ పద్యం సారాంశం. పెడ్డను ఆయన ముందు చిదుపుతుంది. రాజు సిగ్గుపడి బదులు పద్యం పాడి, కిరీటం తీసి కింద పెడతాడు. మంగళం.

ఆ ఇల్లాలి వేషం చాలా ఏళ్ల క్రితం గట్టు నుంచి వచ్చే ఒక పెద్దాయన కట్టేవారు. ఆయన పోయాక ఎవరూ దొరకలేదు. అప్పుడు మా సమాజం వాళ్లు ఏం చేశారో తెలుసా? సీనే తీసేశారు. రాజు పాడతాడు, జనం చప్పట్లు కొడతారు, రాజు కిరీటంతోనే ఇంటికి పోతాడు. నాటకం మొత్తం ఏ మాట కోసం రాశారో ఆ మాటే లేకుండా ఏళ్ల తరబడి ఆడారు. ఒక్కరికీ లోటు అనిపించలేదు. తెలుగు పాఠాలు చెప్పుకునే దాన్ని, నాకు మాత్రం అది చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. ఆ పద్యం ఆ పెద్దాయన నోట చిన్న కోడలిగా ఉన్నప్పుడు విన్నాను. మిగతా నాటకం అంతా మరిచిపోయినా అది మరవలేదు. బడిలో పిల్లలకు పద్యాలు రాగంతో చెప్పి చెప్పి నా గొంతు ఎంతో కొంత పదునెక్కింది కదా, ఒక్కసారి ఆ పద్యం వేదిక మీద పాడాలని నాకు లోలోపల ఉండేది. అడగడానికి మాత్రం నోరు రాలేదు. బావ గుమ్మంలోకి వస్తే కుర్చీలోంచి లేచి నిలబడే ఇల్లు మాది. కొలువులో నిలబడి ఆయన్ను ఎలా నిలదీస్తాను?

ఢిల్లీ వాళ్లు ఆడవాళ్లు కూడా పాల్గొనాలన్నారట. అప్పుడు గుర్తొచ్చాను నేను.

"ఆ పద్యం నువ్వు పాడాలె. కమిటీల చెప్పేసిన" అన్నారు మా ఆయన, కూరగాయల సంచి కింద పెట్టినంత తేలిగ్గా.

"నన్ను అడిగిండ్రా?"

"అడిగేదేముంది? నీకు వచ్చుగద!"

కోపం వచ్చింది. అయినా ఒప్పుకున్నాను. కోపం ఎంత వచ్చిందో సంతోషం అంతకంటే ఎక్కువ వచ్చింది, దాచుకోవడం ఎందుకు?

అభ్యాసాలు పాత టౌన్‌హాల్లో జరిగాయి. వెళ్లిన ప్రతిసారీ అదే వరస. బావ తన పద్యం ఎత్తుకునేవారు. అది అయ్యాక మళ్లీ ఎత్తుకునేవారు. రాగం ఇంకో మెట్టు పైకి పోతుందేమో చూద్దాం అని మళ్లీ. నా వంతు వచ్చేసరికి, "అమ్మ పద్యం ఉన్నదిలే, ఆమె టీచరు, అదెట్లన్న వస్తది" అని లేచి తువ్వాలు దులుపుకునేవారు. రెండు మూడుసార్లు పాడించారు, నిజమే. నేను పాడుతున్నంతసేపూ ఆయన నా వైపు చూడలేదు. మరదలి ముఖం చూడకూడదన్న మర్యాద కొంత, ఎదురుగా గోడ గడియారం ఉండటం కొంత.

శ్రుతితో ఇంకో తంటా. హార్మోనియం వాయించే ఆయన రాయచూరు వైపు మనిషి, మాటకు ముందు ఒక కన్నడ ముక్క, వెనక ఒక ఉర్దూ ముక్క వేసి మాట్లాడతారు. పెట్టెను బావ శ్రుతిలో పెట్టి కదలనిచ్చేవారు కాదు. ఆ శ్రుతిలో నేను పాడితే కింద గొంతు అందదు, పైన అరుపు అవుతుంది. "నా శ్రుతిల పెట్టుండ్రి" అంటే, "నడుమల మారిస్తే రాజు పరేషాన్ ఐతడక్కా" అనేవారు. రాజు పరేషాన్ కాకూడదు. ఇల్లాలు ఎలా పోయినా ఫరవాలేదు.

మట్టిపెడ్డ మాత్రం బావే తెచ్చారు. నేను అట్టముక్కతో చేయించి రంగు వేయిద్దామంటే ఒప్పుకోలేదు. వాళ్ల చేలోంచి తీసిన నల్లరేగడి పెడ్డ, పిడికిలంత, పాత దస్తీలో చుట్టి తెచ్చి నా చేతిలో కాకుండా మా ఆయన చేతిలో పెట్టారు. "అసలు మన్నే ఉండాలె. ఉత్తుత్తిది అయితే చప్పుడు రాదు" అన్నారు. ఆ ఒక్క మాటకు నాకు ఆయన మీద ఉన్న చిరాకు ఒక రోజంతా తగ్గింది.

ఇక ఈ వన్స్‌మోర్ సంగతి. పద్య నాటకం చూడనివారికి ఇది చెప్పకపోతే అర్థం కాదు. నటుడు పద్యం అందుకుని, చివరి పాదం మీద రాగం తీసి, ఊపిరి ఉన్నంత దూరం లాగి వదులుతాడు. నచ్చితే జనంలోంచి ఒకరు లేచి "వన్స్‌మోర్" అంటారు. ఇంగ్లీషు అక్షరం రాని వాళ్లకు కూడా ఆ మాట వచ్చు. అన్నాక నటుడు మళ్లీ పాడి తీరాలి. పాడననడం ఆ మనిషిని నిండు సభలో అవమానించడమే. చచ్చి పడిపోయిన వేషం లేచి కూర్చుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావడం నేను కళ్లారా చూశాను.

మా గద్వాలలో దీనికి ఇంకొక తిరకాసు ఉంది. ఒక వీధి వాళ్లు వన్స్‌మోర్ అంటే, పక్క వీధి వాళ్లు ఊరుకోరు. ఊరుకుంటే వాళ్లకు రసికత లేదని, లేదా నటుడంటే గిట్టదని అర్థం. అందుకని వాళ్లూ అనాలి. వాళ్లంటే ఊరి బయటి వాళ్లు కూడా అనాలి. పెళ్లిలో వడ్డించినట్టు, ఎవరి పంక్తికి వారికి విడిగా అందాలి.

ఇదంతా తెలుసు కనుకనే ముందే చెప్పాను మా ఆయనకు. "ఆ దినం వన్స్‌మోర్లు వద్దని వీధి వీధికి చెప్పి రాండ్రి. వాళ్లు ఇచ్చేది గంట. రాజు పద్యంలనే గంట పోతది."

"వద్దంటే ఎట్ల? మన జనానికి కళ అంటే ఎంత ప్రాణమో వాళ్లు చూడొద్దా? ఒకటో రెండో రానీ. జర ఓపిక పట్టు."

వీధి వీధికీ వెళ్లారు. వెళ్లి ఏం చెప్పారో తెలుసా? "ఢిల్లోళ్లు వస్తున్నరు, మంచిగ గట్టిగ స్పందించాలె, గద్వాల ఇజ్జత్ మీ చేతుల ఉన్నది" అని చెప్పి వచ్చారు.

అతిథులు ముగ్గురు వచ్చారు. ఇద్దరు మగవాళ్లు, ఒక పెద్దావిడ. పొద్దున ఎర్రవల్లి చౌరస్తా దగ్గర కమిటీ ఎదురెళ్లింది. మగ్గాలు చూశారు, కోట చూశారు, గుడి చూశారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పల్లి చట్నీ, గుత్తి వంకాయ, అది చాలదన్నట్టు ఇంకో ఏడెనిమిది రకాలు. వద్దు వద్దంటున్నా వడ్డించి, వాళ్లను సగం నిద్రలో టౌన్‌హాలుకు తెచ్చారు. సాయంత్రం శంషాబాదులో వాళ్లకు విమానం ఉంది. గంటలో లేవాలి. ఆ సంగతి అందరికీ తెలుసు. రాజు వేషంలో ఉన్న బావకు కూడా తెలుసు.

పైన రేకులు, కింద జనం. పట్టపగలు నాటకం, ముఖానికి వేసిన రంగు చెమటకు కారిపోతోంది. గట్టు నుంచి బావ ఊరి వాళ్లు డీసీఎం వ్యానులో దిగారు. వనపర్తి నుంచి మా అన్నయ్య, తన వెంట పదిమందిని వేసుకుని, "మీ ప్రతాపం సూద్దమని వచ్చినం" అంటూ వచ్చి మధ్య వరసలో కూర్చున్నాడు. నేను తెర పక్కన, గళ్ల చీర కట్టుకుని, కొంగులో పెడ్డ పట్టుకుని నిలబడ్డాను. ఆ పెద్దావిడ ముందు వరసలో కనబడుతోంది. ఆవిడ వింటే చాలు అనుకున్నాను. ఎందుకో ఆవిడ ముఖం చూస్తే వినే మనిషిలా అనిపించింది.

బావ ప్రవేశం. ఏ మాటకు ఆ మాటే, ఆ రోజు బావ పాడినట్టు ఎప్పుడూ పాడలేదు. రాగం రేకులకు తగిలి తిరిగొచ్చింది. అతిథుల పక్కన కూర్చున్న కాలేజీ లెక్చరరు పద్యాన్ని వాళ్లకు ఇంగ్లీషులో వివరంగా చెబుతున్నాడు, చేతులు తిప్పి మరీ. పద్యం ముగిసింది.

"వన్స్‌మోర్!" కోట వైపు వాళ్లు.

సరే, ఒకటి. బావ చెయ్యెత్తి దండం పెట్టి మళ్లీ పాడారు. లెక్చరరు ఈసారి కొంచెం తక్కువ వివరించాడు. మగ్గాల వీధి వాళ్లు ఊరుకుంటారా? "వన్స్‌మోర్!" మళ్లీ పద్యం. గట్టు వాళ్లు అంత దూరం వ్యాను కట్టుకుని వచ్చింది నోరు మూసుకుని కూర్చోవడానికి కాదు. "మా మనిషి! వన్స్‌మోర్!" అని ఈలలు వేశారు. బావ ముఖం వెలిగిపోయింది. సొంత ఊరు కదా, రాగం ఇంకా పొడుగు లాగారు. పెద్దావిడ లెక్చరరు వైపు వంగి ఏదో అడిగింది. "సేమ్, మేడమ్" అన్నాడు అతను.

నేను తెర చాటు నుంచి మా ఆయనకు సైగలు చేస్తున్నాను. ఆయన ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. నా వైపు చూసి, ఎంత బాగా జరుగుతోందో చూశావా అన్నట్టు తలూపారు. ఆ చేతులు పట్టుకుని విరవాలనిపించింది. రాయచూరు నుంచి హార్మోనియం ఆయన తాలూకు నలుగురు వచ్చారు, వాళ్లూ లేచారు. చివరికి హార్మోనియం ఆయనే విసిగి, "సాకు, సాకు" అన్నారు. కన్నడంలో చాలు అని. ఎవరు వింటారు?

ఆ ఆవృత్తి కూడా అయింది. అతిథుల్లో ఒకాయన గడియారం చూసుకున్నారు. ఇప్పుడైనా మంత్రి మాట అందుకుంటే, రెండు ముక్కలు అయ్యాక నేను వెళ్లొచ్చు. మంత్రి నోరు తెరిచాడు.

మధ్య వరసలోంచి మా అన్నయ్య లేచాడు. అన్ని ఊళ్లూ అన్నాక వనపర్తి అనకపోతే, ఓర్వలేక మాట్లాడకుండా కూర్చున్నారని అనుకుంటారట. తర్వాత ఆయనే చెప్పాడు. మర్యాద కోసం లేచాడు మహానుభావుడు. కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని, హాలంతా వినేలా అన్నాడు, "వనపర్తి తరఫున వన్స్‌మోర్!"

హాలు దద్దరిల్లింది. శత్రుదేశం లొంగిపోయినంత సంబరం. బావకు గొంతు అప్పటికే జీరపోయింది. అయినా వనపర్తి అడిగాక పాడకుండా ఉంటారా?

పద్యం మూడో పాదంలో ఉండగా అతిథులు లేచారు. మెల్లగా, వంగి, ఎవరికీ అడ్డం రాకుండా. కమిటీ అంతా దండలు, శాలువాలు పట్టుకుని వాళ్ల వెనక లేచింది. పెద్దావిడ తలుపు వైపు వెళ్తూ తెర పక్కన నిలబడ్డ నన్ను చూసింది. నేనెవరని లెక్చరరును అడిగినట్టుంది. అతను వేదికను చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, ఏదో చెప్పాడు. ఆవిడ నాకు రెండు చేతులూ జోడించింది. నేను జోడించలేదు. నా చేతుల్లో పెడ్డ ఉంది.

వాళ్ల వెనక జనం. కార్లు చూడాలి కదా. ఆ పద్యాన్ని అన్నిసార్లు అడిగిన వాళ్లు, అది చివరి పాదానికి వచ్చేలోపు హాలు ఖాళీ చేశారు. మంత్రి, కవుల వేషాలూ, మా ఆయన కూడా పోయారు. మిగిలింది డీసీఎంలో వచ్చి కాళ్లు పట్టేసి లేవలేకపోతున్న నలుగురు గట్టు ముసలమ్మలు, హార్మోనియం, తబలా, ఇంకా రాజు. మంగళం పాడకుండా వేషం సింహాసనం దిగకూడదు, అందుకని బావ టెంటుహౌసు నుంచి తెచ్చిన ఎర్ర కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నారు. కిరీటం ఒక పక్కకు ఒరిగింది. తెర లాగే మనిషి వచ్చి తాడు పట్టుకున్నాడు.

"ఆగు" అన్నాను.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గొంతు, నాకే తెలియదు. వేదిక మీదికి నడిచాను. హార్మోనియం ఆయన నన్ను చూసి, పెట్టె మీద చేతులు పెట్టి, "యావ శ్రుతి అక్కా?" అన్నారు.

"నాది."

వెంటనే మార్చారు. అప్పుడే మా అన్నయ్య కుర్చీ మీద మరిచిపోయిన కండువా కోసం వెనక్కి వచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు. ఆగితే ఆగాడు.

సీసం ఎత్తుకున్నాను. ఖాళీ కుర్చీల మీదుగా ఆ పద్యం పోతుంటే నాకు ఏడుపు రాబోయింది, రానివ్వలేదు. నీ చెవులకు ఇంతసేపు నీ పేరే వినిపించింది అన్న పాదం దగ్గర నేను నటించనక్కర్లేకపోయింది. బావను నేరుగా చూసి పాడాను. పెడ్డ పగిలే చప్పుడు వినమన్న చోట కొంగు విప్పాను. పెడ్డ లేదు. ఇన్ని వన్స్‌మోర్ల సేపు చెమట చేతులతో పిసికి పిసికి దాన్ని నేనే పొడి చేశాను. ఆయన కాళ్ల ముందు నల్లటి మట్టి చప్పుడు లేకుండా రాలింది. గట్టు ముసలమ్మల్లో ఒకరు "అయ్యో" అన్నారు.

ఎత్తుగీతి ముగించాను. ఇప్పుడు రాజు బదులు పద్యం పాడాలి. బావ నోరు తెరిచారు. గాలి వచ్చింది, గొంతు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించారు. హార్మోనియం ఆయన స్వరం అందిస్తూనే ఉన్నారు, అందుకోవడానికి అటు ఏమీ మిగలలేదు. బావ ఆ రాలిన మట్టిని చాలాసేపు చూశారు. అది ఆయన చేను మన్నే. తర్వాత కిరీటం తీశారు. సమాజంలో నేను చూసిన అన్ని నాటకాల్లో ఎవరు కిరీటం తీసినా జనం వైపు చూసి తీసేవాళ్లు. బావ నన్ను చూసి తీశారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా ముఖం నేరుగా చూడటం అదే మొదలు.

బయట కార్లు కదిలిన చప్పుడు, కమిటీ వాళ్ల జేజేలు. బావ ముందుకు వంగి, నాకూ హార్మోనియం ఆయనకూ తప్ప ఎవరికీ వినబడనంత జీరగొంతుతో అన్నారు. "ఇంకొకపారి పాడమ్మా. ఆ పెద్దాయన పాడినప్పుడు ఇనలేదు, నువ్వు పాడినప్పుడు ఇనలేదు. ఎనక వచ్చే నా పద్యం యాది తెచ్చుకుంట కూసుంటుంటి."

ఒళ్లు మండిపోయింది. వినవలసిన వాళ్లు వెళ్లిపోయాక, విమానం ఎక్కబోయే వేళకు, ఇప్పుడా? పాడను బావా అని ముఖం మీద చెప్పి దిగిపోదామనుకున్నాను. కానీ అడిగాక పాడకపోవడం అనేది మా వేదిక మీద లేదు.

కోపంగానే పాడాను. శ్రుతి ఎక్కడా తప్పలేదు.